గంగాళం తలకాయ ఇనుప దొర

మా అత్తమ్మకు పుట్టింటివాళ్లు పెట్టిన రాగి గంగాళం ఈ ఏడాది ఒక రాక్షసుడికి తలకాయగా పనిచేసింది. ఆ రాక్షసుణ్ణి పుట్టించింది నేను. వాడికి దండలు వేసి, కొబ్బరికాయలు కొట్టి, చివరికి గోదావరిలో ముంచబోయింది మా గల్లీ. గంగాళం ఇప్పుడు మళ్లీ మా స్నానాల గదిలోనే ఉంది, అడుగున ఒక చొట్టతో. ఆ చొట్ట చూసినప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది.

నాందేడ్‌లో మాకు ఫ్లెక్స్ దుకాణం ఉంది. మా ఆయన మిషన్ నడుపుతాడు, నేను కంప్యూటర్ ముందు కూర్చుని బ్యానర్లు తయారుచేస్తాను. మా గిరాకీలో సగం పుట్టినరోజులే. మా ఊళ్లో కాస్త పేరున్న ప్రతివాడూ పుట్టినరోజుకు చౌరస్తాలో తన బ్యానర్ కట్టించుకుంటాడు. పేరు పక్కన ‘భావీ నగర్‌సేవక్’ అని రాయమంటాడు. అంటే కాబోయే కార్పొరేటర్. ఫోటో మాత్రం తన పెళ్లినాటిది తెచ్చిస్తాడు. ముఖం పదేళ్ల కిందటిది, పదవి పదేళ్ల తరువాతది, బ్యానర్ మాత్రం ఇవాళ సాయంత్రానికల్లా కావాలి. కింద వరుసగా శుభాకాంక్షలు చెప్పేవాళ్ల చిన్న చిన్న తలకాయలు పెట్టాలి. అందులో ఎవడి తల ఎవడి తలకంటే చిన్నదైందని నా దుకాణంలోనే కాలర్లు పట్టుకున్నవాళ్లున్నారు. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నదానికి, కాలంలో వెనక్కీ ముందుకూ తిరిగే మనుషుల మీద బొమ్మల కథ గీయాలని బుద్ధి పుట్టిందంటే అందులో వింతేముంది!

గీశాను. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో కూర్చుని గీశాను. కథ ఇది. రాబోయే కాలంలో నాందేడ్‌ను ఒక ఇనుప దొర ఏలుతుంటాడు. వాడు మనిషి కాదు, మర. వాడికి మనుషుల రక్తం అక్కర్లేదు, బంగారం అక్కర్లేదు. ఒక్క నిమిషం కూడా వృథా కాకూడదు, అంతే. గల్లీలో ఇద్దరు నిలబడి మాట్లాడితే సైరన్ మోగుతుంది. చాయ్ ఒక్క గుక్కలో తాగాలి. ‘వస్తా వస్తా’ అని రాకుండా ఉన్నవాళ్లకు కొరడా దెబ్బలు. వాడి మీదికి ముగ్గురు బయలుదేరుతారు: నిజాం కాలం నుంచి రోకలి పట్టుకుని వచ్చిన ఒక ముసలమ్మ, ఇప్పటి కాలం నుంచి స్కూటీ నడిపే ఒక పిల్ల, రాబోయే కాలం నుంచి, పుట్టినప్పటి నుంచీ ఎక్కడికీ ఆలస్యంగా పోని ఒక కుర్రాడు. వీళ్లు కాలంలో ప్రయాణం చేసేది కుండల్‌వాడి అనే ఊరికి పోయే షేర్ జీపులో. అది ఏ కాలానికైనా పోతుంది, కానీ సీట్లు నిండందే కదలదు.

చివరికి ఇనుప దొర వాళ్లను తరుముతూ వచ్చి అదే జీపు ఎక్కుతాడు. ‘బయలుదేరు సమయం ఎంత?’ అని అడుగుతాడు. ‘నిండంగనే’ అంటాడు డ్రైవర్. దొర లెక్క వేస్తాడు. ఎంతమందికి నిండుతుంది? ఇంకో నలుగురికి. ఆ నలుగురు వస్తే? మరో ఇద్దరు సర్దుకుంటారు. వాళ్లూ సర్దుకుంటే? వెనక వేలాడేవాళ్లున్నారు. లెక్క తెగదు. దొర తల వేడెక్కుతుంది, పొగ వస్తుంది, అక్కడే కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఆగిపోతాడు. ఆ పేజీ గీసిన రోజు నన్ను నేనే మెచ్చుకుని, ఎవరూ అడగకపోయినా పక్క హోటల్ నుంచి భజ్జీలు తెప్పించుకుని తిన్నాను.

ఇక భాష సంగతి. మేము ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది మరాఠీ. తెలుగు అక్షరాలు నేను పెళ్లయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను గానీ మా వాళ్లలో చాలామందికి రావు. ఫోన్‌లో మెసేజ్‌లు కూడా తెలుగు మాటలే, మరాఠీ అక్షరాల్లో. అందుకని నేను పుస్తకం కూడా అట్లాగే వేశాను. తెలుగు కథ, మరాఠీ అక్షరాలు. మా వాళ్లందరూ చదువుకోవచ్చు గదా అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నిజామాబాద్‌లో పుస్తకాల దుకాణానికి తీసుకుపోతే ఆయన అట్ట చూసి, “గిది మరాఠీ గదమ్మా, ఈడ ఎవలు సదువుతరు?” అన్నాడు. నాందేడ్‌లో దుకాణదారు ఒక వాక్యం పైకి చదివి, నాలుక మడతపడి, “హే కుఠ్‌లం మరాఠీ, తాయీ?” అన్నాడు. ఇదెక్కడి మరాఠీ అక్కా అని. ముఖేడ్‌లో ఉన్న మా ఆడపడుచుకు ఇస్తే వాళ్ల పిల్లలు అట్ట చింపి విమానాలు చేశారు. మా ఆయనకు ఇస్తే వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “నీలం రంగు జరంత ఎక్కువ పడ్డది” అన్నాడు. ఆ రోజు ఆయనకు పప్పులో ఉప్పు కూడా జరంత ఎక్కువే పడింది.

నాకు పేరు అక్కర్లేదు. నా పుస్తకం అందరూ కొనాలని కూడా లేదు. ఎవరో ఒక్క మనిషి మొదటి నుంచి చివరిదాకా చదివి, బాగుందనో, చెత్తగా ఉందనో, ఒక్క మాట చెప్పాలి. అంతకు మించి ఏమీ అడగలేదు. ఆ ఒక్కటే దొరకలేదు.

మిగిలిన కట్టలు ఇంట్లో పెట్టాను. శ్రావణంలో ఒకరోజు దుకాణం నుంచి వచ్చి వంటింట్లోకి పోతే కారం డబ్బా కింద నుంచి ఇనుప దొర నావైపు చూస్తున్నాడు. పక్కన పసుపు డబ్బా కింద ముసలమ్మ రోకలి ఎత్తి ఉంది. అత్తమ్మ నా పుస్తకం ఒకటి తీసి, పిన్నులు ఊడదీసి, పేజీలన్నీ అల్మారీ అరల్లో పరిచి వాటి మీద డబ్బాలు సర్దింది.

“అత్తమ్మా! అది పుస్తకం!”

“పుస్తకమే. నేనేమన్న చింపిననా? పిన్నులు గూడ తీసి డబ్బిల పెట్టిన, సూస్కో.”

“పేపర్ పరుచుకోరాదా మరి?”

“పేపరు రెండు దినాలకే నూనె పీల్చి అంటుకపోతది. గీ కాయిదం మందంగ మంచిగున్నది. పెట్టెల మూల్గుతున్నయి గద, ఏం చేస్తవ్ వాటిని?”

ఏం చేస్తానో నాకే తెలియదు కాబట్టి మాట్లాడలేదు. కానీ నేను మాట్లాడకపోవడమంటే ఇంట్లో గిన్నెలు మాట్లాడతాయి. ఆ వారమంతా మాట్లాడాయి.

భాద్రపదం దగ్గరపడింది. ఇక్కడ ప్రతి గల్లీ గణపతి మండల్ గణపతి పక్కన ఏదో ఒక దృశ్యం కడుతుంది, కదిలే బొమ్మలతో. దాన్ని దేఖావా అంటాం. పక్క గల్లీవాళ్ల దేఖావా కంటే మనది బాగుండాలన్నదే మా మగవాళ్ల బతుకుల్లో పెద్ద ఆశయం. మా మండల్ అధ్యక్షుడు కూలర్లు బాగుచేస్తాడు. ఆయన మండల్ బ్యానర్ కోసం దుకాణానికి వచ్చి నా కంప్యూటర్ తెర మీద దొర బొమ్మ చూశాడు.

“ఏంది వదినా గిది? రోబోటా?”

“ఔ.”

“భారీ ఉన్నడు గద! గీసారి మన దేఖావా గిదే. నా తాన పాత కూలర్ డబ్బాలు శానా ఉన్నయి. బాడీకి సరిపోతయి.”

చదవకపోతే చదవకపోయారు, చూస్తారు కదా. కళ్లతోనైనా నా కథ పూర్తిగా చూసేవాళ్లు దొరుకుతారు. ఒకే ఒక్క షరతు పెట్టాను. చివరి దృశ్యం తప్పకుండా ఉండాలి. దొర జీపు ఎక్కాలి, తలలోంచి పొగ రావాలి, ఓడిపోవాలి. ఆయన ఒట్టు అన్నట్టు గొంతు మీద చెయ్యి పెట్టుకుని, “నీ కథ నీదే వదినా. ఒక్క చుక్క గూడ మార్చం” అన్నాడు. మా గల్లీలోనే ఉండే ఒకాయన కుండల్‌వాడి జీపు నడుపుతాడు. సాయంత్రాలు బండి పందిరి పక్కన నిలుపుతానని ఆయనా ఒప్పుకున్నాడు.

దొర ఒళ్లు కూలర్ రేకు, చేతులు పైపులు, కళ్లు మోటార్‌సైకిల్ వెనక దీపాలు. తలకే ఏదీ కుదరలేదు. డేకిసా పెడితే చిన్నపిల్లాడిలా ఉన్నాడు, డ్రమ్ము పెడితే మెడ ఆగలేదు. అప్పుడు నాకు అత్తమ్మ గంగాళం గుర్తొచ్చింది. బోర్లిస్తే సరిగ్గా గుండ్రటి తల, రెండు పక్కలా వేలాడే కడియాలు చెవులకు పోగుల్లాగా. ఆ గంగాళంలో అత్తమ్మ తప్ప ఇంకొకరు నీళ్లు తోడుకోవడానికి కూడా భయపడతారు. అడగడానికి నేను మంచి సమయం కోసం చూశాను. అంటే ఆమె భోంచేసి, నములుతున్న తమలపాకు ఇంకా నోట్లో ఉన్నప్పుడు.

“ఎందుకే?”

“దొర తలకు.”

చాలాసేపు నమిలింది. “తొర్రలు గిట్ల కొడుతరా?”

“కొట్టం.”

“కొడితే నీ నెత్తికి కొడుత” అని ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో అప్పుడు నాకు అర్థం కాలేదు. గణపతి పని కాబట్టి అనుకున్నాను.

కథానాయకులు ముగ్గురికీ చీరల దుకాణం వాళ్ల దగ్గర ప్లాస్టిక్ బొమ్మలు అడిగి తెచ్చారు. నిజాం కాలపు ముసలమ్మ సన్నటి నడుంతో, పెదాలకు రంగుతో, తెల్ల విగ్గు పెట్టుకుని రోకలి పట్టుకుని నిలబడింది. కథ చెప్పడానికి నేను నా గొంతు రికార్డు చేసి ఇచ్చాను. మొదటి రోజు సాయంత్రం స్విచ్ వేశారు. అటువైపు మండల్ పాటలు, ఇటువైపు మండల్ పాటలు, మధ్యలో నా గొంతు నాకే వినపడలేదు.

దొర తల తిప్పడానికి టేబుల్ ఫ్యాన్ గేరు పెట్టారు. అది చక్కగా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నెమ్మదిగా అందరినీ చూసింది. కుడిచేతికి ఎవరి కారుదో వైపర్ మోటారు బిగించి కొరడా ఇచ్చారు. కొరడా బరువుకు మోటారు మూలిగి ఆగిపోయింది. కరెంటు పని చేసేవాడు ఏమీ ఆలోచించకుండా కొరడా పీకి పక్కన పడేశాడు. ఇక చూడండి. ఖాళీ చెయ్యి, వేళ్లు చాచి, మెల్లగా పైకి లేచి, మెల్లగా కిందికి దిగుతోంది. తల అటూ ఇటూ తిరిగి ఎవరినీ వదలకుండా చూస్తోంది. రాగి ముఖం దీపాల వెలుగులో మెరుస్తోంది.

మా వెనక ఇంటి పెద్దమ్మ గణపతికి హారతి ఇచ్చి, అదే పళ్లెంతో పక్కకు జరిగి దొరకు కూడా ఇచ్చి చెంపలు వేసుకుంది. నేను పరుగెత్తాను.

“పెద్దమ్మా, వాడు దుర్మార్గుడు!”

“అవుగని బిడ్డా, దీవిస్తుండు గద” అంది.

మరునాటికి దొర నుదుట కుంకుమ ఉంది. ఆ మరునాటికి మెడలో బంతిపూల దండలు. ఎవరో కొత్త స్కూటర్ కొని, దానికి పూజ చేయించడానికి తెచ్చి సరిగ్గా దొర ముందు నిలబెట్టారు. ఇనుప బండి కాబట్టి ఇనుప దేవుడే మేలట. అది చూసి మెకానిక్‌లు పానాలు తెచ్చి వాడి పాదాల దగ్గర పెట్టి తీసుకుపోవడం మొదలుపెట్టారు. ఒకావిడ కొత్త మిక్సీ తెచ్చింది. పదో తరగతి తప్పిన కొడుకును ఒకాయన చెవి పట్టుకుని తెచ్చి దొర చేతి కింద వంగోబెట్టాడు. మాహూర్‌లో రేణుకమ్మను మొక్కి తిరిగిపోతున్న ఆదిలాబాద్ వాళ్ల బండి ఒకటి ఆగింది. వాళ్లూ దిగి మొక్కారు. “ఏ దేవుడమ్మా?” అని నన్నే అడిగారు. దేవుడు కాదు, రోబోటు అన్నాను. “మంచిది, మంచిది” అని మళ్లీ మొక్కారు.

కాలాలు దాటి వచ్చిన నా ముగ్గురు నాయకులను పట్టించుకున్నవాళ్లు లేరు. స్కూటీ పిల్ల చేతికి ఎవరో చెప్పుల సంచి తగిలించారు.

నాకు తిక్క లేచింది. దుకాణానికి పోయి పెద్ద ఫ్లెక్స్ కొట్టి తెచ్చాను. ‘ఇతను ఇనుప దొర. దుష్టుడు. దయచేసి మొక్కవద్దు’ అని మరాఠీలో, ఎర్ర అక్షరాలతో. దాన్ని దొర కాళ్ల దగ్గర కట్టించాను. తెల్లారి వచ్చి చూస్తే ఫ్లెక్స్‌కు కూడా నాలుగు మూలలా కుంకుమ పెట్టి ఉంది. అధ్యక్షుడు దాన్ని చూసి నొచ్చుకున్నాడు. చదివి కాదు. “కింద మన మండల్ వాళ్ల ఫోటోలు లేవేంది వదినా?” అన్నాడు.

చివరి దృశ్యం రోజుకు రోజు వాయిదా పడింది. హారతి అయ్యాక నేను జీపు పక్కన నిలబడి ఎదురుచూసేదాన్ని. అధ్యక్షుడు వచ్చి, “ఇయ్యాల వద్దు వదినా, పబ్లిక్ మస్తు అచ్చింది” అనేవాడు. మరునాడు, “మహాలక్ష్ముల పండుగ నాడు ఎవలనన్న ఓడగొడుతరా?” అనేవాడు. చివరికి అసలు మాట బయటపెట్టాడు. “జనం నమ్ముకున్నరు. గిప్పుడు నెత్తిల పొగ తెప్పిస్తే మన మండల్‌కు మంచిది గాదు.” నేనన్నాను, “నా కథల వాడు ఓడిపోవాలె.” “కథ ఎవలు సదివిన్రు వదినా?” అన్నాడు. మంచి మనిషే, ఎత్తిపొడవాలని అనలేదు. ఉన్నమాట అన్నాడు. అందుకే అది ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇంటికి వచ్చి చేతులు కడుక్కునే నెపంతో కాసేపు ఏడ్చాను.

అనంత చతుర్దశి వచ్చింది. నిమజ్జనం. పందిరి ముందు ఢోల్ తాషాలు, గులాల్, ఇసుక వేస్తే రాలనంత జనం. గణపతిని ట్రాక్టర్ ఎక్కించారు. అప్పుడు నలుగురు కుర్రాళ్లు దొరను కూడా పైకెత్తారు.

“వాన్నెక్కడికి?” అన్నాను.

“విసర్జన్‌కు” అన్నాడు అధ్యక్షుడు. “పూజ అందుకున్నదాన్ని మల్ల కూలర్ డబ్బ చెయ్యొద్దంటున్రు పెద్దలు. గణపతి వెంబడే గంగల కలిపేద్దాం.”

“గంగాళం?”

గంగాళం ఎవరిదో ఆయనకూ తెలుసు. “దేవుని నెత్తి ఊడదీస్తే బాగుండదు గద వదినా” అన్నాడు నేల చూస్తూ.

ఈ కబురు నేను మోసుకుపోనక్కర్లేకుండానే ఇంటికి చేరింది. గుంపు రెండుగా చీలింది. మధ్యలోంచి అత్తమ్మ వచ్చింది, చెప్పులు కూడా లేకుండా, కొంగు నడుముకు దోపుకుని. గంగాళం పట్టుకుని లాగుతుందనుకున్నాను. లాగలేదు. పందిరి మెట్టెక్కి నిలబడి, ఢోల్ కొట్టేవాడి వైపు ఒక్క చూపు చూసింది. ఢోల్ ఆగింది.

“వీడు దేవుడా?” అంది. “వీడు ఏం చేసిండో మీకెవలికన్న ఎర్కేనా? చాయ ఒక్క గుక్కల తాగాలన్నడు! ఇద్దరాడోళ్లు గల్లీల నిలవడి మాట్లాడితే సైరన్ కొట్టిండు! మీరు గిప్పుడు గిట్ల నిలవడ్డరు గద, అందర్ని కొరడతోని కొడుతడు వీడు!”

అది కారం డబ్బా కింది పేజీ.

అక్కడినుంచి అత్తమ్మ కథ చెప్పుకుపోయింది. నేను గీసిన వరుసలో కాదు. అల్మారీ వరుసలో. పై అరలో కారం, పసుపు, ధనియాలు; ముసలమ్మ ముందు యుద్ధం చేసి, తరువాత నిజాం కాలంలో బయలుదేరింది. నడిమి అరలో కందిపప్పు, బెల్లం. కుర్రాడు ముందు ఇల్లు చేరి, తరువాత దారి తప్పాడు. ఎవరికీ ఏ తేడా తెలియలేదు. కాలంలో అటూ ఇటూ తిరిగే కథే కదా, పైగా నా వరుస కంటే ఇదే ఉత్కంఠగా ఉంది. మధ్యలో ఒకచోట నేను ఎప్పుడూ రాయని సంగతి వచ్చింది. దొర పుట్టుకతో చెడ్డవాడు కాదట. బిలోలీ దగ్గర పిండి గిర్నీలో మోటారట. కరెంటు పోయిన ప్రతిసారీ జనం దాన్నే తిట్టేవాళ్లట, ఎంతసేపు, ఎంతసేపు అని. ఆ తిట్లు తిని తిని అట్లా తయారయ్యాడట. అది పచ్చడి జాడీ కింది పేజీ అని నాకు తట్టింది. నూనె కారి బొమ్మలు కనబడకుండా పోయుంటాయి, తనే అల్లేసింది. నా దొరకు పుట్టుక లేదన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు.

తరువాత గొంతు తగ్గించి చెప్పింది. “గా పోరడు అడుగుతడు ముసల్దాన్ని, అవ్వా, ఆల్శెం అంటే ఏందని. వానికి ఎర్కలేదు పాపం. ముసల్ది అంటది, ఆల్శెమంటే ఏం లేదు బిడ్డా, మనకోసం ఒకలు కూసోని సూస్తున్నరని అర్థం.”

ఆ మాట నేను ఒక పేజీ మూలలో చిన్న అక్షరాలతో రాశాను. ఎవరి కంటా పడదని తెలిసే రాశాను. కందిపప్పు డబ్బా బరువుగా ఉంటుంది. అది ఎత్తి పక్కన పెడితే తప్ప ఆ మూల కనబడదు. నేను గులాల్ తుడుచుకుంటున్నట్టు కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

“ఇగ మునగకొట్టుడు ఎందుకు?” అంది అత్తమ్మ మళ్లీ గొంతు పెంచి. “వాన్ని జీపుల కూసోవెట్టున్రి. జీపుల వడితే వాని పని ఖతం.”

ఎత్తుకున్న కుర్రాళ్లు అధ్యక్షుడి వైపు చూశారు. అధ్యక్షుడు అత్తమ్మ వైపు చూసి, వెంటనే పక్కకు జరిగాడు. దొరను జీపు వెనక సీట్లో కూర్చోబెట్టారు. దించేటప్పుడు తల తలుపు పట్టీకి తగిలి ఠంగుమంది. ఆ చొట్ట అప్పటిదే. అత్తమ్మ కళ్లు మూసుకుని తెరిచింది, అంతే. డ్రైవర్ దగ్గరికి పోయింది.

“ఎప్పుడు కదులుతది బండి?”

ఆయన నా పుస్తకం అట్ట కూడా చూసినవాడు కాదు. జీవితమంతా చెప్పే మాటే చెప్పాడు. “నిండంగనే అవ్వా. ఇంకో నలుగురు రావాలె.”

గల్లీ గల్లీ అంతా ఒక్కసారి నవ్వింది. చిన్నపిల్లలు ఎక్కబోతే తల్లులు రెక్క పట్టి దింపారు. “నిండనియ్యొద్దు, నిండనియ్యొద్దు” అని మా వెనక ఇంటి పెద్దమ్మ అరిచింది. హారతి ఇచ్చి చెంపలు వేసుకున్న పెద్దమ్మే. అధ్యక్షుడు కాసేపు గడ్డం గోక్కుని, పోయి గుగ్గిలం ధూపం తెచ్చి నేను మొదట చెప్పినట్టే గంగాళం కింద పెట్టాడు. రాగి తల చుట్టూ పొగ లేచింది. కరెంటు తీసినప్పుడు సగం పైకి లేచిన చెయ్యి అట్లాగే ఆగి ఉంది. జనం ఈలలు వేశారు. ఢోల్ మళ్లీ మోగింది, గణపతి గోదావరి వైపు కదిలాడు, గల్లీ అంతా వెంట పోయింది. ఇనుప దొర నిండని జీపులో ఒక్కడే కూర్చుని ఉండిపోయాడు.

గంగాళాన్ని మా ఆయన స్కూటర్ మీద ఇంటికి తెచ్చాడు. దారిలో ఒకరిద్దరు దానికి మొక్కారని చెప్పాడు. అత్తమ్మ పెరట్లో కూర్చుని చింతపండు పెట్టి తోముతూ, చొట్ట మీద వేలు పెట్టి తిడుతోంది. నేను పక్కన కూర్చున్నాను.

“అత్తమ్మా, మొత్తం చదివినవా?”

“డబ్బాలు తీసి పెట్టంగ కండ్లల్ల వడ్డది. అక్షరాలొస్తయి గద, సదవకుంట ఎట్లుంట?”

“ఇన్ని దినాలు ఒక్క మాట చెప్పలేదు.”

“నువ్వు అడిగినవా? మొగుణ్ణి అడిగినవ్, దుకాణపోల్లను అడిగినవ్. ఇంట్ల ఉన్నదాన్ని అడిగినవా?” అని గంగాళం అటు తిప్పింది. “ఇంగో, నీ కథ కోసం చెప్పలే నేను. నా గంగాళం కోసం చెప్పిన. గది యాదికుంచుకో.”

ఉంచుకున్నాను. బాగుందా, బాగాలేదా అని అడగబోయి నోరు మూసుకున్నాను. నీళ్లు పోసి కడిగాక ఆమే అంది, “ఒకటి మాత్రం మంచిగ లేదు. గా డ్రైవరు అన్ని పేజీలల్ల ఉన్నడు, పొద్దంత ఎండల కూసుంటడు. తిన్నవా అని ఒక్కలన్న అడిగిన్రా వాన్ని?” ఎవరూ అడగలేదు.

దసరా ముందు ఇల్లు దులిపాం. అల్మారీ ఖాళీ చేసి, నూనె మరకలు పడ్డ ఇనుప దొరను మడిచి తీసేశాం. ఇంట్లో పేపర్లు కట్టలుగా ఉన్నాయి. తెచ్చి ఇస్తే అత్తమ్మ వాటిని కిటికీ అద్దాలు తుడవడానికి వాడింది. ఇంకో పుస్తకం పిన్నులు తీసి పరుద్దామని నేనే అన్నాను.

“అది సదివినదే గద” అంది.

పండుగ వెళ్లిపోయింది. దీపావళి దగ్గరికొచ్చింది. అల్మారీ అరలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. డబ్బాలన్నీ వంటింటి నేల మీద గోడవారగా వరుసగా ఉన్నాయి. అత్తమ్మ పొద్దునా సాయంత్రం వాటిని దాటుకుంటూ వంట చేస్తోంది, నడుం నొప్పి అంటూనే వంగి పప్పు తీసుకుంటోంది. సర్దుకోవచ్చు కదా అంటే, “ఏం తొందరున్నది?” అంటుంది. నిన్న చీకట్లో లేచి నీళ్ల కోసం పోతే కందిపప్పు డబ్బా నా బొటనవేలికి తగిలింది. కుంటుకుంటూ వచ్చి దీపం వేసి, పెన్సిల్ వెతుక్కుని, కొత్త కథ మొదలుపెట్టి, ముందుగా ఆ డ్రైవర్‌కు ఒక అన్నం డబ్బా గీశాను.